హుఫూఫ్‌లో ఈస్టుకి దుప్పటి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు, నోరు తెరిచి అడగడం ఒక్కటే చేతనయ్యేది కాదు. కెమికల్ ఇంజనీరింగ్ పట్టా పట్టుకుని, మద్యం నిషేధమున్న అరబ్బు దేశంలో, హుఫూఫ్ అనే ఊళ్ళో దిగాను. ఖర్జూరపు తోటల్లో నరికి పారేసే మట్టల నుంచి ఇథనాల్ తీసే చిన్న ప్లాంటు మాది. మట్టల్ని పొడి చేసి, ఉడికించి, చక్కెర రసం లాగి, ఈస్ట్ వేసి పులియబెట్టాలి. పేరుకి ఇంధనమే అయినా సరుకు ఆల్కహాలు కదా, ఒక్క చుక్క గేటు దాటినా ఉద్యోగమే కాదు, ఆ దేశంలోనే చోటుండదని మొదటిరోజే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు (చదవకుండానే పెట్టాను).

ఆదివారం మా ముదీర్, అంటే మేనేజరు, ముందు ట్రయల్. అది నెగ్గితేనే నా ప్రొబేషన్ గట్టెక్కుతుంది. జనవరి చలికి ల్యాబ్‌లో ఈస్ట్ ఉలకదు, పలకదు. గురువారం దాకా చూసి చూసి, చలికాలంలో దోసెల పిండికి మా అమ్మ చేసే వైద్యం గుర్తొచ్చి, ఫ్లాస్కుని లంచ్ బ్యాగులో పెట్టుకుని రూముకి తెచ్చేశాను. నా దోసెల పిండి గిన్నె పక్కనే పెట్టి, రెండింటికీ కలిపి ఒకే దుప్పటి కప్పాను. శుక్రవారం పొద్దుటికి రెండూ బుసబుసా పొంగాయి. నా తెలివికి నేనే మురిసిపోతూ కూరగాయలకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఫ్లాస్కూ గిన్నే కడిగి బోర్లించి ఉన్నాయి. నా రూమ్మేటు కడప భాయ్, కంపెనీ డ్రైవరు. పైపు లీకేజీ చూడ్డానికి ఇంటి ఓనరు వస్తున్నానని ఫోన్ చేస్తే, గది సర్దబోయి వాసన పట్టాడట. నా ముఖం చూసి నెమ్మదిగా అన్నాడు.

"రెండూ ఒకే వాసన సార్. ఏది హరామో నాకెట్ల తెలుస్తాది? రెండూ పారబోసినా."

ఒళ్ళు మండిపోయి నోరు చేసుకోబోతుంటే ఓనరు రానే వచ్చాడు. వంటింట్లో, సరిగ్గా ఆ దుప్పటి పక్కనే, పది నిమిషాలు నిలబడ్డాడు. అప్పుడుగానీ మొదటిరోజు సంతకం పెట్టిన కాగితం నాకు గుర్తు రాలేదు.

ఆదివారం ముదీర్ ముందు చేతులు కట్టుకుని, ఈస్ట్ చలికి చచ్చిపోయిందని చెప్పాను (అందులో సగమైనా నిజం కదా). ఆయన "మరి హీటరు ఎందుకడగలేదు?" అన్నాడు. అరగంటలో స్టోరు నుంచి హీటరొచ్చింది. అలాంటివి అక్కడ ఇంకో మూడు మూల పడి ఉన్నాయట. ట్రయల్ వారం వెనక్కి జరిగింది, నేనూ గట్టెక్కాను.

ఆ కుర్ర ఇంజనీరుని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. హీటరు అడగడానికి మొహమాటపడి, జైలుకి సిద్ధపడ్డాడు పాపం.