ఓదెలు సంతకం పెట్టని కాగితం

పదవీ విరమణకు మూడేళ్లు మిగిలి ఉండగా, ఒక జూన్ మొదటి వారంలో నన్ను గోదావరిఖనికి బదిలీ చేశారు. హోదా డిప్యూటీ పర్సనల్ మేనేజర్. బొగ్గు తవ్వడం ఒక్కటి తప్ప గని మనిషికి సంబంధించిన సమస్తమూ మా శాఖే చూస్తుంది: హాజరు, సెలవు, క్వార్టర్, బదిలీ, చార్జిషీటు, చివరికి చావు కబురు కూడా. నాకు అప్పగించింది మెడికల్ బోర్డు సెక్షన్. అంతకుముందు గోలేటిలోనూ రామకృష్ణాపూర్‌లోనూ అదే పని చేసి ఉన్నాను కనుక కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదనుకున్నాను. ఆ ధీమాతోనే తప్పు చేశాను.

బయటివారికి బోర్డు సంగతి కొంత చెప్పాలి. జబ్బుపడ్డ కార్మికుడు ఇక పని చేయగలడా లేదా అని తేల్చేది ఈ బోర్డు. ముగ్గురు డాక్టర్లు, మా శాఖ తరఫున ఒక అధికారి కూర్చుంటారు. పనికి రాడని తేలితే అతన్ని ‘అన్‌ఫిట్’ అని రాసి ఇంటికి పంపుతారు. నిబంధనలు కుదిరితే అతని బదులు కొడుక్కో కూతురికో ఉద్యోగం ఇస్తారు. అందువల్ల మా బొగ్గు గనుల బెల్టులో అన్‌ఫిట్ అన్న మాట విని ఏడ్చేవాళ్లకంటే దేవుడికి మొక్కు చెల్లించేవాళ్లే ఎక్కువ. ఎగతాళికి చెప్పడం లేదు. మా నాన్న బొగ్గు నింపీ నింపీ ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన బదులు మా అన్న చేరాడు. అన్న జీతంతో నేను చదువుకున్నాను.

ఈ వ్యవహారంలో ఎక్కడా రాసిలేని మర్యాద ఒకటి ఉంది. బోర్డు ఫారంలో చివరి ప్రశ్న, డ్యూటీ చేయడానికి మీకు ఇష్టమేనా అని. దానికి ఎవరూ లేదని రాయరు. నన్ను అన్‌ఫిట్ చేయండి అని మగవాడు నోరు తెరిచి అడగడం నామోషీ. అడుగు తీసి అడుగు వేయలేనివాడు కూడా గోడ పట్టుకుని నిలబడి, “చేస్త సార్, ఎందుకు చెయ్య” అంటాడు. అసలు కోరిక ముందే ఇంటి ఆడవాళ్లు ఆఫీసుకొచ్చి చెప్పిపోతారు. డాక్టర్లకూ తెలుసు, మాకూ తెలుసు. అన్నం తిన్నారా అన్న పలకరింపును ఎంత పట్టించుకుంటామో ఆ జవాబునూ అంతే పట్టించుకునేవాళ్లం.

ఓదెలు భద్రతా విభాగంలో గార్డు. ఓపెన్‌కాస్టు గని గేటు దగ్గర డ్యూటీ. పదిహేడేళ్లు సైన్యంలో చేసి, హవల్దారుగా బయటికొచ్చి, కొన్నేళ్ల తర్వాత మాజీ సైనికుల కోటాలో మా బొగ్గు కంపెనీలో చేరాడు. నేను వచ్చేనాటికి అతనికి నలభై ఎనిమిదేళ్లు. కొన్నేళ్లకోసారి ఉద్యోగులందరికీ జరిపే ఆరోగ్య పరీక్షలో డాక్టరుకు అతని గుండె చప్పుడులో తేడా వినిపించింది. స్కానింగులో విషయం బయటపడింది. గుండె నుంచి రక్తం బయటికి వెళ్లే దారిలో ఉండే కవాటానికి మూడు రేకులు ఉండాలట. అతనికి పుట్టుకతోనే రెండున్నాయి. వయసులో ఉన్నప్పుడు ఏమీ తెలియదు. నలభై దాటాక అవి గట్టిపడి దారి ఇరుకవుతుంది. కవాటం మార్చాలి, ఎక్కువ కాలం ఆగకూడదు అని రాసి, డ్యూటీ ఆపించి, బోర్డుకు సిఫారసు చేశారు.

ఫైలు నా దగ్గరికి వచ్చిన రెండో రోజే ఓదెలు భార్య సరోజన వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“మేడం, ఆయన డ్యూటీ చేస్తనే అంటడు. మీరు ఆ మాట వట్టుకోకున్రి. గేటుకాడ కూలవడితే నేనేం గావాలె? అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపున్రి. మా పోరనికి నౌకరీ ఇయ్యున్రి” అంది.

నాకు కొత్తేమీ అనిపించలేదు. వచ్చిన ప్రతి ఇల్లాలూ చెప్పే మాటలే. మా సెక్షన్ హెడ్‌క్లర్కు రహీముద్దీన్ కూడా లెక్క తేల్చేశాడు. “ఈయనకు మూడు దిక్కుల ఫాయిదా ఉన్నది మేడం. సైన్యం పింఛను ఉన్నది, సైన్యం కార్డు మీద ఆపరేషన్ అయితది, కొడుకుకు నౌకరీ వస్తది. ఇంక ఫికరేంది?” అన్నాడు. నిజమే అనిపించింది.

అప్పుడు నేను చేసిన పని ఇది. ఆపరేషన్ అయి కోలుకుంటే అన్‌ఫిట్ కావడం కష్టమని, అంతకుముందే బోర్డు ముందుకు వెళ్లేలా అతని పేరు తొలి జాబితాలో చేర్చాను. భద్రతా విధులకు శాశ్వతంగా పనికిరాని స్థితి అని కవరింగ్ నోటులో రాశాను. డాక్టర్లు ‘శాశ్వతంగా’ అన్న మాట వాడలేదు. ఆ మాట నాది. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

బోర్డుకు పది రోజుల ముందు, అంతకుముందే నింపి ఇచ్చిన ఫారం మీద సంతకానికి ఓదెలును పిలిపించాం. మా ఆఫీసులో సంతకం అంటే, క్లర్కు వేలు పెట్టిన చోట పెన్ను పెట్టడమే. ఓదెలు ఫారాన్నీ, దానికి జత చేసిన నా నోటు నకలునూ చేతిలోకి తీసుకున్నాడు. టేబుల్ పక్కన నిటారుగా నిలబడి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. రహీముద్దీన్ రెండుసార్లు దగ్గాడు. ఓదెలు తల ఎత్తలేదు. నాకు ముక్కు మీద కోపం. బయట ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు, జల్దీ కానియ్యి అని విసుక్కున్నాను. అతను చివరి పేజీ దాకా చదివి కాగితాలు నా ముందు పెట్టాడు.

“గిది నా కాయితం కాదు మేడం. డ్యూటీ చేస్తనని నేను రాసిన. పనికిరాడని మీరు రాసిన్రు. రెండిట్ల ఒకటే నిజం ఉంటది కదా?”

అందరూ అట్లాగే రాస్తారు అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. అతను మాత్రం కోపం తెచ్చుకోలేదు. ముప్పై ఆరేళ్లకు సైన్యం ఇంటికి పంపిందని చెప్పాడు. ఊళ్లో అందరూ పొద్దున పనికి పోతుంటే అతను అరుగు మీద కూర్చునేవాడట. తర్వాత ఏటీఎం ముందు కర్ర పట్టుకుని నిలబడ్డాడు, పెట్రోలు బంకులో టోపీ పెట్టుకున్నాడు. కంపెనీలో చేరిన రోజున మళ్లీ మనిషినయ్యాననుకున్నాడట.

“ఒకపారి ఇంటికి పంపిన్రు, పోయిన. అది కాయిదా, రూలు. ఇప్పుడు గుండె బాగయితదని డాక్టరే అంటున్నడు. బాగయ్యే మనిషిని మల్ల ఎందుకు పంపుతరు? నా కొడుక్కి మంచిర్యాలల మొబైల్ దుకాణం ఉన్నది. వాడు అడగలే, వాళ్లమ్మ అడుగుతున్నది. ఆమెకు భయం. నేనేమన్న అంటనా ఆమెను?”

సిగ్గుపడ్డాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి వెనుకాడను. చదువుకున్న అధికారిని, ఒక మనిషి స్వదస్తూరీతో రాసిన జవాబును అబద్ధమని ముందే తీర్మానించి, దానికి వ్యతిరేకంగా నోటు రాశాను.

ఫైలు అప్పటికే బోర్డు కూర్చునే కొత్తగూడెం చేరింది. పంపిన నోటును వెనక్కి తీసుకోవాలంటే తప్పు జరిగిందని లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. మా శాఖలో అది ఎవరూ ఇష్టంగా చేసే పని కాదు. పైగా భద్రతా విభాగం నుంచి ఇంకో అడ్డు వచ్చింది. గార్డు పోస్టు కోటాది, దానికి పూర్తి శారీరక దారుఢ్యం షరతు, ఆ షరతు తప్పితే పోస్టుకు అర్హత పోయినట్టే, వేరే పని ఇవ్వడానికి కోటాలో వేరే పోస్టు లేదు అని వాళ్ల వాదన. వినడానికి బాగానే ఉంది. మాజీ సైనికుల ఉపాధి మీద ప్రభుత్వం పంపిన ఉత్తర్వులు బీరువాలోంచి తీయించి, ఒక ఆదివారమంతా కూర్చుని చదివాను. అందులో కోటా అన్నది నియామకానికే వర్తిస్తుంది. చేరిన తర్వాత ఉద్యోగి ఎలా కొనసాగాలో అందులో ఒక్క ముక్క లేదు. అంటే గేటు లోపలికి వచ్చేదాకే అతను మాజీ సైనికుడు. వచ్చాక అందరిలాంటి ఉద్యోగి. అందరికీ ఉన్న ప్రత్యామ్నాయ ఉద్యోగం నిబంధన అతనికీ ఉంటుంది. ఇదే సంగతి రెండు పేజీల్లో రాసి, పాత నోటులో శాశ్వతంగా అన్న మాట నా పొరపాటని కింద సంతకం పెట్టాను.

బోర్డు రోజున మా శాఖ తరఫు అధికారిగా నేనే కొత్తగూడెం వెళ్లాను. ఓదెలు ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు. నాలుగు మెట్లెక్కి ఆయాసంతో ఆగాడు. అది చూసి నాకు భయం వేసింది. సరోజన వరండాలో బెంచీ మీద కూర్చుంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

చైర్మన్ పెద్ద డాక్టరు. మంచివాడే కానీ ఆ రోజు జాబితా పొడవుగా ఉంది. అలవాటుగా, డ్యూటీ చేస్తావా అని అడిగాడు. చేస్త సార్ అన్నాడు ఓదెలు. చైర్మన్ తల వంచి అన్‌ఫిట్ అని రాయబోయాడు. అప్పుడు నేను లేచి నిలబడ్డాను. అతను నిజంగానే అడుగుతున్నాడు సార్, మొదటి నోటు తప్పు, రెండోది చూడండి అన్నాను.

గదిలో అందరూ నావైపు చూశారు. పర్సనల్ అధికారికి బోర్డులో మాట్లాడే హక్కు ఉంది కానీ మనిషిని ఉద్యోగంలో ఉంచమని లేచి మాట్లాడినవాళ్లను నేనూ చూడలేదు. మరి శాశ్వతమని ఎందుకు రాశారు, ఇక్కడ డాక్టర్లం మేమా మీరా అని చైర్మన్ గట్టిగానే అడిగాడు. రెండో నోటు ఆయన ముందుకు జరిపాను. ఆయన దాన్ని ఆసాంతం చదివాడు. తర్వాత ఓదెలును దగ్గరికి పిలిచి స్టెతస్కోపు పెట్టి విన్నాడు. ఫారంలో ఫిట్, అన్‌ఫిట్ కాక మూడో గడి ఒకటుంది: చికిత్స తర్వాత తిరిగి పరీక్షించాలి. మా సెక్షన్‌లో ఆ గడి నింపి ఎన్నేళ్లయిందో రహీముద్దీన్‌కు కూడా గుర్తులేదు. చైర్మన్ అందులో టిక్కు పెట్టాడు.

ఇక ఆపరేషన్. కంపెనీ తరఫున హైదరాబాదు పంపించే వీలుంది. ఓదెలు మాజీ సైనికుల వైద్య పథకమే కావాలన్నాడు. ఉద్యోగం ఉన్నా ఊడినా ఆ కార్డు తనతోనే ఉంటుందని. ఇందులోనూ చిక్కుంది. ఇదే జబ్బుకు కంపెనీ వైద్యం వాడుకోవడం లేదని మేము ధ్రువీకరిస్తేనే ఆ పథకం వాళ్లు అనుమతిస్తారు. మామూలుగా ఆ ఉత్తరం నాలుగు టేబుళ్లు తిరిగి వారం పది రోజులకు బయటపడుతుంది. ఈసారి నాలుగు టేబుళ్ల దగ్గరికీ నేనే నడిచి, సాయంత్రానికి అతని చేతిలో పెట్టాను.

కవాటాల్లో రెండు రకాలున్నాయని సర్జన్ చెప్పాడట. జంతువు కణజాలంతో చేసింది వేస్తే మందుల బాధ తక్కువ, కొన్నేళ్లకు మళ్లీ మార్చాల్సి రావచ్చు. లోహంతో చేసింది ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్రలు వేసుకోవాలి, తరచూ రక్త పరీక్ష చేయించాలి, దెబ్బలు తగలకుండా చూసుకోవాలి. ఓదెలు లోహపుదే కోరుకున్నాడు. ఆపరేషన్ బల్ల మీదికి రెండోసారి ఎక్కనన్నాడు.

ఆపరేషన్ జరిగిన ఆరు నెలలకు బోర్డు మళ్లీ పరీక్షించింది. తోపులాటలు జరిగే గేటు డ్యూటీ వద్దని, దెబ్బ తగలని పని ఇవ్వవచ్చని రాసింది. కొత్తగా చేరేవారికి గని భద్రత నేర్పే శిక్షణ కేంద్రంలో హాజరు, ప్రథమ చికిత్స తరగతుల పని చూపించాం. హోదా ఒక మెట్టు తగ్గింది. ఆ కాగితం కూడా నిలబడే చదివాడు, ఈసారి రహీముద్దీన్ దగ్గలేదు. చదివి సంతకం పెట్టాడు.

సరోజనను తర్వాత ఒకసారి దవాఖాన దగ్గర రక్త పరీక్షల వరుసలో చూశాను. భర్త పక్కనే ఉన్నాడు. నేనే వెళ్లి పలకరించాను.

“మీరు నా మాట వినకపోతిరి మేడం. పొద్దుగాల ఆయన డ్యూటీకి పోయినకాడికెళ్లి వచ్చేదాక నాకు పానం పానం కాదు. మీకేం, కాయితం రాసి పంపుతరు” అంది. నేను ఆమెను ఓదార్చే ప్రయత్నం చేయలేదు. ఆమె భయం న్యాయమైనదే. దానికి మా నిబంధనల్లో ఏ గడీ లేదు.

రిటైరయ్యే వరకు మిగిలిన కాలంలో పని తీరు మార్చుకున్నాను. బోర్డుకు వెళ్లే ప్రతి మనిషినీ ఇంటివాళ్లు లేకుండా, క్లర్కు లేకుండా, తలుపు వేసి ఒకసారి విడిగా అడిగేదాన్ని. డ్యూటీ చేస్తావా అని కాదు, నీకేం కావాలి అని. ఎక్కువమంది కొడుక్కో కూతురికో ఉద్యోగమే అడిగారు. అది వాళ్ల హక్కు, నియమం ప్రకారం చేసిపెట్టాను. ఇద్దరు మాత్రం పని కావాలన్నారు. ఒకతను పంపు ఆపరేటరు, ఇంకొకతను స్టోరు మజ్దూరు. ఇద్దరికీ వేరే పని దొరికింది.

ఈ లెక్కన అంతకుముందు గోలేటిలో, రామకృష్ణాపూర్‌లో నేను చేతులు దులుపుకున్న ఫైళ్లలోనూ నిజంగానే పని కోరుకున్నవాళ్లు కొందరు ఉండాలి. వాళ్లూ చేస్త అనే చెప్పారు. ఎంతమంది, ఎవరెవరు అన్నది నాకు తెలియదు. అందరి జవాబూ ఒకటే కనుక, ఫైళ్లు తిరగేసినా తెలిసేది లేదు.