అట్టపెట్టెల మీద రాజవ్వ లోకం

టక్.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్.

ఇస్నాపూర్ గల్లీలో పొద్దున పదకొండింటికి వినబడే చప్పుళ్లన్నీ సందీప్‌కు తెలుసు. హైవే మీద ట్యాంకర్ల రొద, నీళ్ల క్యాన్ల ఆటో, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నవాళ్ల గదుల్లో తిరిగే ఫ్యాన్లు. ఇది వాటిలో ఏదీ కాదు. సగం దించిన షట్టర్ వెనక ఎవరో ఒక మీట నొక్కుతున్నారు, ఆగుతున్నారు, ఆలోచించి ఇంకోటి నొక్కుతున్నారు. లోతు తెలియని నీళ్లలో ఒక్కో గులకరాయి వేసి చెవి ఒగ్గినట్టుంది.

కుడిచేతిని ప్యాంటు జేబులోనే ఉంచి అతను వంగి లోపలికి చూశాడు.

"జిరాక్సా? జెర ఆగు," అంది లోపలి గొంతు. "రాజవ్వ వాగు దాటుతున్నది."

కొట్లో ఒక్క మనిషే ఉంది. యాభై దాటిన ఆడమనిషి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, కొంగు నడుముకు దోపి ఉంది. ఆమె ముందు వెనకటి రోజుల డబ్బా మానిటర్. అందులో నీలిచుక్కల నీటి ఒడ్డున బొటనవేలంత బొమ్మ ముసుగు కప్పుకుని నిలబడింది. ఆ బొమ్మే రాజవ్వ. ఆటలోని వీరుడికి ఆ కొట్టు నడిపే అరుణమ్మ తన తల్లి పేరు పెట్టుకుంది.

రాజవ్వ అవతలి ఒడ్డు చేరాక అరుణమ్మ కుర్చీ తిప్పింది.

"ముత్యమ్మ కొడుకువు గదా? మీ అమ్మ ఫోన్ జేసింది. సెయ్యి బయటికి తియ్యి. జేబుల దాసుకుంటే మొలుస్తయా ఏంది?"

రెండు నెలల్లో ఆ మాట అంత సూటిగా ఎవరూ అనలేదు. సందీప్ చెయ్యి తీశాడు. ప్రెస్ మెషీన్ తీసుకుపోయినవి పోగా మూడు వేళ్లున్న చెయ్యి. మానిన చోట చర్మం ఇంకా గులాబీ రంగులో ఉంది. అరుణమ్మ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి వదిలేసింది. అయ్యో అనలేదు.

"కంపెనోళ్లు ఏమన్నరు?"

"మెషీన్ మీదికి వద్దన్నరు, చిన్నమ్మా. షిఫ్ట్ ఆఫీసుల కూసోని బుక్కు రాయాలె, కంప్యూటర్ల ఎక్కియ్యాలె. పదిహేను దినాలైనంక సోమవారం ఒక పూట రాయించి సూస్తరంట. రాసుడు రాకుంటే లెక్క తేల్చి ఇంటికి పంపుతరు. ఎడమచేత్తోని నా పేరే సక్కగ రాస్తలేను. బుక్కంతా ఇంగ్లీషు. నువ్వు టైపింగు నేర్పిస్తవని అమ్మ చెప్పింది."

"టైపింగు నాకే రాదు. ఒక్క వేలుతోని కొడత." ఆమె లేచి తన కుర్చీ అతనికి చూపింది. "కూసో. ఆట నేర్పిస్త."

ఆటలంటే సందీప్‌కు తెలియనివి కావు. వేళ్లున్నప్పుడు ఫోన్‌లో స్నేహితులతో తుపాకుల ఆట ఆడేవాడు. అది రెప్ప వేస్తే చంపేసే ఆట. ఇప్పుడు మొదటి నిమిషంలోనే చచ్చిపోతుంటే అవతలివాళ్లు అతన్ని జట్టులోంచి మెల్లగా తప్పించారు. అదే చెప్పాడు.

"గిది గట్ల కాదు బిడ్డా. నువ్వు ఒకడుగు వేస్తేనే అదొకడుగు వేస్తది. పొయ్యి మీద పాలు పొంగి, తుడుసుకోని వచ్చి కూసున్నా దయ్యం ఆన్నే నిలవడి ఉంటది."

ఆమె పొయ్యిని ఉదాహరణగా చెప్పింది కానీ, ఆమె జీవితమంతా అలాంటి నిలకడలోనే గడిచింది. అరుణమ్మది కర్దనూర్. భూములు కంపెనీల కిందికి పోయాక ఇరవై నాలుగేళ్ల వయసులో మందుబిళ్లల ఫ్యాక్టరీలో చేరింది. ఇరవై ఒక్క ఏళ్లు ప్యాకింగ్ బెల్టు దగ్గర నిలబడి, పట్టీల్లో బిళ్ల పడని గుంటను వేలితో పట్టుకునేది. కంప్యూటర్లు మార్చినప్పుడు పాతవన్నీ షెడ్డు పక్కన తుక్కులో పడేస్తే, ఒకటి ఇమ్మని ఆఫీసరును అడిగింది. ఎందుకమ్మా అని ఆయన నవ్వుతూనే ఇచ్చాడు. ఇంటికి తెచ్చి చూస్తే లోపల ఎవరో మరిచిపోయిన ఆట సీడీ ఉంది. దానితో ఇచ్చిన సంచిలో కేబుళ్లతో పాటు, అట్ట చిరిగిన తొంభై పేజీల పుస్తకం. ఆట ఎలా ఆడాలో చెప్పే పుస్తకమది.

పదో తరగతి తెలుగు మీడియం. అయినా బిళ్లల పెట్టెల మీద చదివి చదివి కొన్ని ఇంగ్లీషు మాటలు ఆమెకు చుట్టాలయ్యాయి. జాగ్రత్త అని చెప్పే 'కాషన్' అన్న మాట పుస్తకం మూడో పేజీలో కనబడినప్పుడు, పరాయి ఊరి బస్టాండులో కర్దనూర్ మనిషి ఎదురైనట్టు అనిపించిందట. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పుస్తకం చదవడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా ఆట తెరవలేదు. తెరిచాక పదకొండు రోజులు ఆటలోని ఊరి బావి దగ్గరే చచ్చిపోయింది. పన్నెండో రోజు బావి దాటింది.

కొట్టు గోడలు చూస్తే ఆ ప్రయాణమంతా కనబడుతుంది. ఫ్యాక్టరీనుంచి తెచ్చుకున్న మందుల అట్టపెట్టెలు విప్పి, లోపలి తెల్లటి వైపున పెన్సిలుతో అడుగడుగూ లెక్కపెట్టి గీసిన పటాలు. కొండలు, వంతెనలు, సొరంగాలు. పాత ఆటలు దారి చూపవు. బాణం గుర్తులుండవు. నడిచినవాళ్లే గీసుకోవాలి. వెలుతురులో ఎత్తి పట్టుకుంటే అడవుల వెనకనుంచి దగ్గు మందు పేరు లీలగా కనబడుతుంది. కంపెనీ మూతపడ్డాక ఈ జిరాక్స్ కొట్టు పెట్టింది. ఆటను మూడుసార్లు ముగించింది. ఇది నాలుగోసారి.

సందీప్‌కు మొదటి రోజంతా ఆటలో తన మనిషిని ఎంచుకోవడంతోనే గడిచింది. కత్తివీరుడా, మంత్రగాడా, దొంగా. ఒకరి బలం చూస్తే ఇంకొకరి తెలివి ఊరించింది.

"పెండ్లి సంబంధం సూస్తున్నవా?" అంది అరుణమ్మ. "ఎవనినో ఒకన్ని పట్టు. మొదటోడు ఎట్లయిన సస్తడు. వాడు సచ్చుకుంట నేర్పిస్తడు, రెండోడు నేర్సుకున్నదాంతోని బతుకుతడు."

రెండో రోజు ఆమె జిరాక్స్ పని చూసుకుని వచ్చేసరికి అతను బావి చుట్టూ ఎలుకల్ని చంపుతూ ఉన్నాడు. మూడు గంటలుగా అదే.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"లెవల్ పెంచుతున్న."

"ఇది పీస్ రేటు కూలి కాదు కొడుకా, టార్గెటు లేదు. బలం చాలకుంటే ఉరుకు. ఉరికినోన్ని సూసి ఈ ఆటల ఎవ్వరూ నవ్వరు. పో, ఊర్లె మనుషులతోని మాట్లాడు. ఒక్కొక్కరితోని రెండుసార్లు. మొదటిసారి మర్యాదకు చెప్తరు, రెండోసారి అసలుది చెప్తరు. ఇన్నది ఇన్నట్టు రాయి."

ఒక రూళ్ల పుస్తకం, పెన్సిలు ఇచ్చింది. ఎడమచేత్తో రాయమంది. అక్షరాలు వానకు తడిసిన చీమల్లా పక్కకు పడిపోయేవి. ఇంగ్లీషులో బొమ్మ మనిషి చెప్పింది చదవాలి, తెలియని మాటకు అర్థం వెతకాలి, ఎక్కడున్నాడో, చేతిలో ఏముందో, రేపు ఏం చూసుకోవాలో రాయాలి. రేపు వచ్చి కూర్చునేవాడు నువ్వు కాదనుకుని రాయాలి అనేది ఆమె. ఆటకైతే ఇంత రాత ఎందుకో అతనికి అర్థం కాలేదు. కానీ నాలుగో రోజు పుస్తకం తెరిచి చదివితే, నిన్నటి తను ఇవాళ్టి తనకు చెయ్యి అందించినట్టుగా ఉంది.

మంగళవారాలు వీర్రాజు వచ్చేవాడు. పెద్ద ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరైన గోదావరి జిల్లా మనిషి, పటేల్‌గూడలో ఇల్లు. అదే ఆట ఆయనా ఆడాడు.

"నేనైతే వారంలో కొట్టేశానయ్యా," అన్నాడు సందీప్ వెనక నిలబడి. "నెట్‌లో అన్నీ ఉంటాయి. ఏ తలుపు, ఏ తాళం, మొత్తం చూసుకుని కొట్టేశా."

"ఆఖరికి ఏమైతదన్నా మరి?" అని అడిగింది అరుణమ్మ అమాయకంగా.

వీర్రాజు నోరు తెరిచి, తల గోక్కున్నాడు. "ఏదో కోటండీ... రాజో, రాణో... ఏంటో, గుర్తులేదు."

"సూసినవారా? వారంల పోయొచ్చిండు, బస్సుల నిద్రపోయిండు."

"మీతో పెట్టుకోకూడదండీ అరుణమ్మగారూ," అని ఆయనే ముందుగా నవ్వాడు.

పదమూడో రోజున ప్రమాదం వచ్చింది. అది కూడా మంగళవారమే. సందీప్ తన మనిషిని ఎర్రబురద మడుగులోకి నడిపించాడు. విషపు నేల. వేసిన ప్రతి అడుగుకూ ప్రాణం ఒక గీత తగ్గుతుంది. దారి తప్పాడు. ఒడ్డు ఏడడుగుల దూరంలో ఉంది, ప్రాణం నాలుగడుగులకే సరిపోతుంది. వెనక్కి తిరిగి నిన్న సేవ్ చేసిన చోటునుంచి మొదలుపెడదామనుకుంటూ ఉండగానే, దూరంగా ఏదో ఫ్యాక్టరీలో షిఫ్ట్ మారే రెండు గంటల సైరన్ మోగింది.

ఆరేళ్లు ఆ కూత వినగానే అతని చేతులు చేసిన పని ఒకటే. ఉన్నది ఉన్నచోట ఆపి, అప్పజెప్పి, లేవడం. ఎడమచెయ్యి దానంతటదే వెళ్లి సేవ్ మీట నొక్కింది. అతను లేచి టిఫిన్ డబ్బా కూడా అందుకున్నాడు.

"ఎక్కడికయ్యా? బస్సొచ్చిందా?" అన్నాడు వీర్రాజు.

సందీప్ తెర వైపు తిరిగి చూశాడు. పదమూడు రోజులుగా ఒకే పేరుతో, ఒకదాని మీదే ఒకటి సేవ్ చేస్తూ వచ్చాడు. నిన్నటి ఆట చెరిగిపోయి, ఇప్పుడు ఆ పేరు కింద మిగిలింది నాలుగడుగుల ప్రాణం మాత్రమే.

డబ్బా బల్ల మీద పెట్టి కూలబడ్డాడు. "అయిపోయింది చిన్నమ్మా. నేను గింతే. మెషీన్ కాడ గిట్లనే ధ్యాస దప్పిన. ఆటనే సక్కగ అప్పజెప్పరాలే, సోమవారం ఆ బుక్కేం రాస్త? పోను. లెక్క తేల్సుకోమంట."

అరుణమ్మ జిరాక్స్ మెషీన్‌లో కాగితాలు సర్దుతూ, తల ఎత్తకుండానే అంది, "వాడు నిలవడే ఉన్నడు గదా? అడుగెయ్యకు. వాని సంచిల ఏమున్నదో సూడు."

"ఏం లేదు. మందులన్నీ అయిపోయినయి. ఒక నల్లజాడీ ఉన్నది, తాగుతే సస్తడని దాని మీదనే రాసున్నది."

"దాని సంగతి ఎవ్వరు చెప్పిండ్రు?"

"యాదికి లేదు."

"నిన్ను యాదికున్నదా అని అడగలే. నీ పుస్తకం ఏమంటున్నది?"

అతను పుస్తకం లాక్కున్నాడు. పేజీలు వెనక్కి వెనక్కి తిరిగాయి. అక్షరాలు నిలబడడం నేర్చుకుంటున్న పేజీలు దాటి, తూలుతున్న పేజీల్లోకి. మూడో రోజు. ఉన్ని వడికే ముసలమ్మ. మొదటిసారి: ఎండల గురించి చెప్పింది. రెండోసారి: నల్లజాడీ తాగొద్దు, ఎర్రబురదల పాదాలకు రాసుకోవాలె.

తన రాతే. తనకే ఎవరో రాసిన ఉత్తరంలా ఉంది.

సంచి తెరిచి, జాడీని పాదాలకు వాడాడు. ఒక అడుగు. టక్. ప్రాణం తగ్గలేదు. రెండో అడుగు. వీర్రాజు ఊపిరి అతని మెడకు తగులుతోంది. ఏడో అడుగుకు పచ్చటి ఒడ్డు మనిషి కాళ్ల కిందికి వచ్చింది.

"ఇప్పుడు ఇంకో పేరుతోని సేవ్ జెయ్యి," అంది అరుణమ్మ. వచ్చి మౌస్ అందుకుని, అతని ముందు ఎప్పుడూ తెరవని ఒక ఫోల్డరు తెరిచింది. అందులో పన్నెండు వరుసలు. రోజుకొకటి, తేదీలతో సహా, సందీప్ ఆటకు పన్నెండు నకళ్లు. "ఫ్యాక్టరీల ప్రతి బ్యాచ్‌కెల్లి రెండు బిళ్లల పట్టీలు పక్కకు పెడుతుంటిమి. రేపు ఎవలన్న ఇది మంచిదేనా అంటే తీసి సూడనీకి. గదే అలవాటు. నువ్వు పోయినంక రోజు ఒకటి తీసి పెట్టిన."

సందీప్ ఆమె ముఖంలోకి చూశాడు. "మరి నేను గంత పరేషాన్ అయితుంటే చెప్పలేదేంది?"

"నీ పుస్తకం ఉండంగ నేను దాసిన డబ్బా ఎందుకు తెరవాలె?"

సోమవారం షిఫ్ట్ ఆఫీసులో అతనికి బుక్కు ఇచ్చారు. మూడో నంబరు ప్రెస్ ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది, నూనె ఎక్కడ కారుతోంది. ఆపరేటరు దగ్గరికి వెళ్లి అడిగాడు. ఆయన మర్యాదకు ఒక మాట చెప్పాడు. సందీప్ కదలకుండా నిలబడి రెండోసారి అడిగాడు. అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పాడు: చేతులు లోపలికి పోకుండా అడ్డముండే గార్డు బోల్టు వదులైంది, ఎవరికీ చెప్పలేదు. సందీప్ ఎడమచేత్తో, నిదానంగా, తర్వాత వచ్చేవాడికి అర్థమయ్యేలా అది రాశాడు. ఒక్కో వేలితో కంప్యూటర్లోకి ఎక్కించాడు. సూపర్‌వైజరు చదివి, ముందు బోల్టు బిగించడానికి మనిషిని పంపాడు. తర్వాత, రేపటినుంచి రమ్మన్నాడు.

మూడింటికి సందీప్ కొట్టు దగ్గరికి వచ్చాడు. లోపల టక్ మని చప్పుడు. మెట్టు మీద నిలబడే అంతా చెప్పాడు, రెండు చేతులూ తిప్పుతూ. అరుణమ్మ విన్నంతసేపూ తెర మీదినుంచి చూపు తిప్పలేదు కానీ, రాజవ్వ కూడా ఆ సేపంతా ఒక్క అడుగు వెయ్యలేదు.

"రేపటి సంది డ్యూటీ చిన్నమ్మా. ఇగ రోజు రారాదు. ఆట సగంలనే ఉండిపాయె."

ఆమె అప్పుడు కళ్లద్దాలు పైకి తోసుకుని అతని వైపు తిరిగింది.

"ఆదివారం రా. లేకుంటే పై నెల రా. నీ మనిషి ఒడ్డు మీద నిలవడే ఉంటడు, యాడికి పోడు."