కాళ్లు కనబడే ఫోటో

బయ్యారం అంగడి బజారులో దస్రు స్టూడియో ఎక్కడని ఎవరినడిగినా చెప్పేవాళ్లు. చుట్టుపక్కల తండాల్లో, ఊళ్లలో పెళ్లి కానీ, పుట్టువెంట్రుకలు కానీ, దస్రు కెమెరా భుజాన వేసుకుని దిగకపోతే పని జరిగినట్టే లెక్క కాదు. మనిషి మహా మాటకారి. బిగుసుకుపోయిన పెళ్లికొడుకును చూసి "ఏంది బావా, పెండ్లికొచ్చినవా, ఠాణాకొచ్చినవా?" అనేవాడు. ఆ నవ్వు పూర్తికాకముందే ఫోటో పడిపోయేది.

అయితే వాడికి అసలు పేరు తెచ్చినవి పెళ్లి ఫోటోలు కావు, పోయినవాళ్ల ఫోటోలు. ఇంట్లో పెద్దమనిషి కన్నుమూస్తాడు. దినాలు దగ్గరపడ్డాక గానీ గోడకు పెట్టడానికి ఫోటో లేదని ఇంటివాళ్లకు గుర్తురాదు. అప్పుడు ఓటరు కార్డు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లు. దస్రు ఆ కార్డులోంచి తల కత్తిరించి, కంప్యూటర్లో వేరెవరిదో ఒంటికి అతికించి, తెల్లచొక్కానో కోటో తొడిగి, మెడలో కండువా వేసి, వెనక నీలం తెర దించేవాడు. జన్మలో చొక్కా ఎరుగని ముసలాయన గోడ మీద కోటేసుకుని దర్జాగా కూచునేవాడు. పని చేసిపెడుతూనే దస్రు వాళ్లను కేకలేసేవాడు: "పానం ఉన్నప్పుడు ఒక్కపారి తోల్కొస్తే ఏం పోయె మీకు? గింత సోయి లేదా?" వాళ్లు తలలు వంచుకుని నిలబడేవాళ్లు.

చూశారా, ఇంతమందికి సోయి చెప్పినవాడు తన కన్నతండ్రికి ఒక్క ఫోటో తీయలేదు!

తండ్రి పేరు లక్ష్మా. గుట్ట కింది తండాలో భార్య రాధాబాయితో ఉండేవాడు. దస్రు, వాడి పెళ్లాం జమున స్టూడియో వెనక గదిలో ఉండేవాళ్లు. తండాకూ బయ్యారానికీ మధ్య దూరమేమీ లేదు, పొద్దున బయల్దేరితే ఎండెక్కకముందే వచ్చేయొచ్చు. లక్ష్మాకు ఒకే ఒక్క కోరిక ఉండేది. నిలబడి ఫోటో దిగాలి, కాళ్లు కూడా కనబడాలి. "కార్డుల మీద అంత తలకాయే దీస్తరు బేటా. బతుకంతా నడిసింది కాళ్లు గదా, అవ్వి సుత రావాలె" అనేవాడు. ఒక అంగడి నాడు ఉతికిన ధోవతి కట్టి, ఎర్ర రుమాలు తలకు చుట్టి స్టూడియోకు వచ్చాడు కూడా. ఆ రోజు పాస్‌పోర్టు సైజు ఫోటోలకు జనం తోసుకుంటున్నారు. "రేపు దీస్తా తియ్ బా" అన్నాడు దస్రు. లక్ష్మా బల్ల మీద కూచుని, చాయ్ తాగి, వచ్చేపోయేవాళ్లను చూసి, సాయంత్రానికి లేచి వెళ్లిపోయాడు. వాడి రేపులు కాలిపోను, అలాంటి రేపులు ఎన్ని గడిచాయో!

ఆ ఏడు ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. తెలంగాణ రాష్ట్రం ఇస్తామని డిసెంబరులో ఢిల్లీ నుంచి మాట వచ్చింది. కాల్చిన టపాకాయల వాసన పోకముందే ఆ మాట వెనక్కి పోయింది. ఇక జనానికి ఒళ్లు మండిపోయింది. బస్సులు ఆగే చోట టెంటు లేచింది. రోజుకొక ఊరు వంతున నిరాహార దీక్షలు, రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటా వార్పూ. దస్రు రోజూ పొద్దున్నే టెంటుకు వెళ్లి ఫోటోలు తీసి విలేకరులకు పంపేవాడు. లక్ష్మా కూడా వీలైనప్పుడల్లా వచ్చి కూచునేవాడు. కానీ ఎప్పుడూ వెనక వరసే. ముందు వరస నాయకులది కదా! వంటావార్పు ఉందంటే మాత్రం ముందు రోజే గుట్టెక్కి ఎండుకట్టెల మోపు తెచ్చి పడేసేవాడు. "ముసలోన్ని, లాఠీలకు ఉరకలేను. పొయ్యికి కట్టెలన్న దెస్త" అనేవాడు.

ఆకులు రాలే కాలం వచ్చింది. హైదరాబాదు నుంచి శేషగిరి సారు అనే ఆయన ఫోన్ చేశాడు. బయ్యారం గుట్టల్లో రంగు మారిన ఆకులను ఫోటో తీయడం నేర్పడానికి ఒక బృందాన్ని తెస్తున్నాననీ, దారులు తెలిసిన ఫోటోగ్రాఫరు తోడుంటే బాగుంటుందనీ, కావాలంటే దస్రు కూడా నేర్చుకోవచ్చనీ అన్నాడు. దస్రు నేల మీద నిలవలేదు. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరని తప్ప తనను కళాకారుడని ఎవరైనా అన్నారా ఇన్నేళ్లలో? జమునతో ఇస్త్రీ చేయించిన చొక్కా వేసుకుని, ఎదురెళ్లి మరీ వాళ్లను తీసుకొచ్చాడు. టెంటు దగ్గర కుర్రాళ్లు బండి ఆపి "జై తెలంగాణ" అనిపించి వదిలారు. బండిలో సాఫ్ట్‌వేర్ పిల్లలు, ఒక బ్యాంకు ఆఫీసరు, సుమన అనే డాక్టరమ్మ. అందరి దగ్గరా దస్రు కెమెరాను మింగేసేంత కెమెరాలు.

చెడ్డవాళ్లు కాదు పాపం. సారు కూడా మంచివాడే, నేర్పడం తెలిసినవాడు. వెలుగును వెనక పెట్టుకుని ఆకును చూడమన్నాడు. అప్పుడు ఆకు లోపలి నరాలు కూడా దీపం పెట్టినట్టు వెలుగుతాయన్నాడు. స్టాండు ఎక్కడ వేయాలో, గాలి ఆగేదాకా ఎలా ఓపిక పట్టాలో చూపించాడు. ఒక మాట మాత్రం పదేపదే చెప్పాడు: "ఫ్రేములోకి మనిషిని రానివ్వకండి. మనిషి వస్తే చూపు ఆయన మీదికే పోతుంది, చెట్టు ఓడిపోతుంది." పుట్టి బుద్ధెరిగాక మనుషుల్ని తప్ప మరొకటి తీయని దస్రుకు ఆ మాట వేదవాక్కులా తోచింది. ఆకులు కళ్లు మూయవు, కొంగు సర్దుకోవు, మా మేనమామను కూడా దించమని అడగవు. అబ్బ, ఎంత హాయి!

మర్నాడు పొద్దున గుట్ట నడుమ ఒక చిరుమాను చెట్టు దగ్గర ఆగారు. చుట్టూ టేకు, మద్ది మోడువారి ఉన్నాయి. ఆ ఒక్క చెట్టుకే ఆకులన్నీ రాగిరంగుకు పండి, వెనక నుంచి ఎండ పడి మండుతున్నట్టుంది. అందరూ వరసగా స్టాండ్లు వేశారు. వెలుగు ఇలా ఎంతోసేపు ఉండదు, సిద్ధంగా ఉండండని సారు హెచ్చరించాడు.

సరిగ్గా అప్పుడే మలుపు తిరిగి లక్ష్మా వచ్చాడు. ఎర్ర రుమాలు, మోకాళ్ల దాకా ధోవతి, నెత్తి మీద కట్టెల మోపు. మర్నాటి వంటావార్పుకు తీసుకెళ్తున్నాడు. కాలిబాట ఆ చెట్టు కిందినుంచే మరి. ఎదురుగా వరసగా కెమెరాలు, వాటి మధ్య కొడుకు. ముసలాయన ముఖం విప్పారింది. చెట్టు కింద ఆగాడు. మోపు సర్దుకుని, నడుము నిటారు చేసి, కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడ్డాడు.

"ఎవరో వచ్చేశారు" అన్నాడు బ్యాంకు ఆఫీసరు.

"దస్రుగారూ, ఆయనకు కాస్త చెప్పండి. వెలుగు పోతుంది" అన్నాడు సారు.

మా నాయన సార్, అంటే సరిపోయేది. ఆ ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు. సిగ్గు. ఇంకేమీ కాదు, పచ్చి సిగ్గు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కళాకారుడిగా నిలబడ్డవాడికి, మోకాళ్ల దాకా దుమ్ము కొట్టుకుపోయిన తండ్రి అడ్డం వచ్చాడు. తండ్రిని ఎప్పుడూ లంబాడీలో 'బా' అని తప్ప పిలవనివాడు, సార్లు మాట్లాడినట్టు తెలుగులో అన్నాడు: "పెద్దాయనా, కొంచెం పక్కకు జరగండి."

లక్ష్మా ఒక్క క్షణం తెల్లబోయి చూశాడు. తర్వాత నాలుగడుగులు పక్కకు వేసి, మళ్లీ అలాగే నిటారుగా నిలబడ్డాడు.

"ఇంకొంచెం" అన్నాడు దస్రు. మరికాస్త జరిగాడు. అంతే, కెమెరాలన్నీ ఒక్కసారిగా టకటకా మోగాయి. ఆ చప్పుళ్లు ఆగేదాకా ముసలాయన కదల్లేదు, రెప్ప వేయలేదు. ఆ తర్వాత కొడుకు వైపు చెయ్యి ఊపి, మోపు పట్టుకుని దిగిపోయాడు.

"తెలిసినాయనేనా?" అని అడిగింది సుమన.

"తండా ఆయన మేడమ్" అన్నాడు దస్రు, కెమెరా తెర మీంచి తల ఎత్తకుండా.

దస్రు తీసిన ఆ చెట్టు ఫోటో అద్భుతంగా వచ్చింది. సారు భుజం తట్టాడు. హైదరాబాదులో ప్రదర్శన పెట్టి అందరి ఫోటోలతో పాటు దానికీ గోడ మీద చోటిచ్చాడు. దస్రు పెద్ద సైజు ప్రింటు వేసి స్టూడియోలో వేలాడదీసుకున్నాడు, వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాడు. అప్పుడప్పుడూ తండ్రి గుర్తొచ్చేవాడు. ఈ ఆదివారం తండాకు పోయి బా ఫోటో తీస్తాను, కాళ్లు కనబడేటట్టు, అనుకునేవాడు. ఆదివారం నాడు ఎక్కడో పెళ్లి ఉండేది.

ఎండాకాలంలో తునికాకు కోతకు వెళ్లిన లక్ష్మా ఎండదెబ్బ తిని పడిపోయాడు. ఆటోలో వేసుకుని దవాఖానకు తెచ్చారు గానీ మనిషి దక్కలేదు. అంతా ఒక్క పగటిపూటలో అయిపోయింది.

దినాలు దగ్గరపడ్డాయి. టెంటు దగ్గర కుర్రాళ్లకు పెద్ద అయిన రాజమౌళి స్టూడియోకు వచ్చాడు. "అన్నా, తాత లేకుంటె మన పొయ్యి ఎన్నడన్న మండిందే? ఊరి మొగదాల పెద్ద ఫ్లెక్సీ కడుతున్నం. మంచి ఫోటో ఒకటియ్యి. నీ కాడ కాకుంటె ఇంకెవలి కాడుంటది!"

దస్రు కంప్యూటరు ముందు కూచున్నాడు. దీక్షల ఫోటోలన్నీ తిరగేశాడు. ఒకదాంట్లో నాయకుడి భుజం వెనక ఎర్ర రుమాలు అంచు. ఒకదాంట్లో మైకు పట్టుకున్న చెయ్యి అడ్డం, చెవి ఒక్కటే కనబడుతోంది. మరోదాంట్లో సగం ముఖం. ఊరందరి పెళ్లిళ్లూ ఉన్నాయి, ఊరందరి చావులూ ఉన్నాయి, తండ్రి మాత్రం ఎక్కడా నిండుగా లేడు. జమున పక్కన నిలబడి చూసింది. దస్రు కుర్చీలోనే వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ పూట తండాకు వెళ్తే రాధాబాయి తానే మాట తీసింది. "బేటా, ఆ గుట్ట మీది ఫోటో తేలేదా?"

"ఏ ఫోటో యాడీ?" అని తల్లిని అడిగాడు దస్రు.

"ఎర్ర చెట్టు కింద దీసినవంట గదా! మీ బా ఇంటికొచ్చి ఒకటే చెప్పుడు. పట్నపోల్లు సుత అందరు కల్సి దీసిండ్రంట. మన పిల్లగాడు అందరి ముంగట అండి అని మర్యాదిచ్చి పిల్సిండు, మంచిగొచ్చేటట్టు జర పక్కకు నిలబెట్టి మరీ దీసిండు అని తండంత చెప్పుకున్నడు. నేను పోయి అడుగుతనంటె వద్దన్నడు. వానికి పరేషాన్ ఉంటది, తీరినప్పుడు వాడే తెస్తడన్నడు."

నిజం దస్రు నాలుక దాకా వచ్చింది, మింగేశాడు. "తెస్త యాడీ" అని చెప్పి తిరిగొచ్చాడు.

ఆ రోజంతా వాడు కంప్యూటరు వదల్లేదు. ఓటరు కార్డులోంచి తండ్రి తల తీశాడు. తండ్రి ఎత్తే ఉండే ఒకాయన ఒళ్లు పాత పెళ్లి ఫోటోలోంచి తీశాడు, ధోవతి, కాళ్లు, అన్నీ. రెండూ కలిపి తాను తీసిన చిరుమాను చెట్టు కింద నిలబెట్టాడు. మెడ దగ్గర అతుకు కనబడకుండా, ఎండ ఏ వైపు నుంచి పడుతుందో చూసి మరీ నీడ దిద్దాడు. ఎంతమందికి చేశాడు, ఇంత పనితనం ఎవరికీ చూపించలేదు. రాజమౌళి చూసి "అబ్బ, అచ్చం తాతే ఉన్నడే" అన్నాడు.

ప్రింటుకు ఫ్రేము కట్టించి తండాకు తీసుకెళ్లి తల్లి చేతుల్లో పెట్టాడు. రాధాబాయి పైటకొంగుతో అద్దం తుడిచింది. చెట్టును చూసింది, ముఖం మీద చెయ్యి వేసి నిమిరింది. వేళ్లు కిందికి, కాళ్ల దాకా వచ్చి ఆగాయి.

"నెత్తిమీద మోపేది?" అంది. "మోపు తోటే దిగిన అన్నడు గదా. గీ కాళ్లు ఎవలియి దస్రూ? మీ బా ఎడమకాలి బొటనేలు గొడ్డలికి తెగి సగమే ఉంటది. నీకెరుక లేదా?"

దస్రుకు ఎరుక లేదు. నలభై ఏళ్లకు దగ్గరపడ్డ కొడుకు, తండ్రి కాళ్లు ఎన్నడూ చూడలేదు. తల్లి ముందు నేల మీద కూలబడ్డాడు. ఇక దాచలేకపోయాడు.

"నేను తియ్యలే యాడీ. బాను తియ్యలే. చెట్టు ఫోటోకు అడ్డమొచ్చిండని పక్కకు జరగమన్న. మా బా అని సుత చెప్పలే వాళ్లకు."

రాధాబాయి ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని ఆ ఎర్ర ఆకుల్నే చూసింది.

"గంత పెద్ద అడివిల నీకు మీ బా ఒక్కడే అడ్డమొచ్చిండా బిడ్డా?" అని అడిగింది.