పారేసిన కేయాన్లు

మా ఇంట్ల కత్తెర నాదే. గద్వాలల మా మగ్గం మీదికెళ్లి చీర దిగిందంటే, వెనక వైపు లేచిన పోగులు కత్తిరించే పని చిన్నప్పటి నుంచి నాదే. "దీని చెయ్యి పడితే చీరకు వెనకేదో ముందేదో తెల్వదు" అని అమ్మ నలుగురిల చెప్తుంటే నాకు జర పొగరెక్కింది. ఆ పొగరు ఇప్పటికీ దిగలే. అది లేకుంటే మగ్గం కాడి పిల్లను ఫిజిక్స్‌ల పీహెచ్‌డీ దాకా పోయేదాన్నే కాదు.

ఇప్పుడు వనపర్తిల డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్త. పొద్దున బస్సెక్కి పోత, సాయంత్రం వస్త. పీహెచ్‌డీ పని బస్సుల కొంత, ఇంట్ల కొంత. ఎన్నడో విదేశంల చేసి ఆపేసిన ఒక ప్రయోగం రికార్డులు మళ్ల తవ్వి చూసుడే ఆ పని. ప్రోటాన్‌కు దాని ఎదురుకణం యాంటీప్రోటాన్ తగిలితే రెండూ మాయమైతయి, వాటి శక్తిలకెళ్లి కొత్త కణాలు పుడతయి. ఎక్కువ మటుకు పైయాన్లు. ఎప్పుడన్న ఒకసారి కేయాన్లు. ఇవి వింత మీసాన్లనే జాతి కణాలు. వీటికి ఒక కట్టుబాటు ఉన్నది, ఒంటిగ పుట్టవు. ఒకటి పుట్టిందంటే దాని ఎదురుజోడు కూడ అక్కడ పుట్టి తీరాలె. ఆ జతలు ఎంత తరచుగ పుడతయో తేల్చుడే నా థీసిస్.

నా లెక్క ఆ ప్రయోగం చేసినోళ్ల పాత పేపర్ల లెక్క కన్న చానా తక్కువొచ్చింది. నాకైతే పండుగే అయింది. "వాళ్లు పైయాన్లను చూసి కేయాన్లనుకున్నరు సార్" అని మా గైడ్‌కు ఫోన్ చేసి చెప్పిన.

"అంత పెద్దోళ్లది తప్పంటున్నవ్. ఇంకొకసారి చూసుకో అమ్మా."

"పదిసార్లు చూసుకున్న సార్. నాది తప్పయితే నా పేరు కొట్టేయుండ్రి."

సార్ నన్ను నమ్మిండు. నా గడువు అయిపోయింది, ఆయన పూచీ ఉండి ఆఖరిసారి పొడిగించిండ్రు. సోమవారం యూనివర్సిటీ కమిటీ ముందల ఫలితం పెట్టాలె. అది నిలబడకపోతే నా ఐదేండ్ల పని పోతది, దాంతోపాటు సార్ మాట కూడ పోతది.

ఆదివారం పొద్దున అమ్మ కొత్త చీర వెనక్కి తిప్పి పరిచి చూస్తున్నది. నేను అలవాటు కొద్ది కత్తెర పట్టుకొని కూసున్న. అంచు కాడ ఒక పోగు లేచి ఉంటే కొయ్యబోయిన. అమ్మ నా చెయ్యి మీద ఒక్కటేసింది.

"ఆగవే! దాని రెండో కొస ఏడుంది?"

"ఏమో, కనబడ్తలే."

"కనబడకపోతే లేనట్టేనా?" అని ఆ పోగును గోటితోని మెల్లగ గుంజింది. జానెడు దూరంల బట్ట సన్నగ ముడుచుకున్నది. "అగో, గాడుంది. బట్ట ఏడ ముడుచుకుంటదో చూసినంకనే కత్తెర పట్టాలె."

నేను ప్రోగ్రాంల పెట్టిన రూలు యాదికొచ్చింది. జోడు కనబడని కేయాన్ ఉంటే ఆ రికార్డు మొత్తం పక్కకు పారేయాలె అని రాసిన. ఒంటిగున్నదంటే అది కేయానే కాదు, మనం తప్పు చదివిన పైయాన్ అని నాకు నేనే తీర్పిచ్చుకున్న. కానీ ఛార్జి లేని కేయాన్ ఒకటుంటది. అది చానాసేపు బతికి, కణాలను పట్టే డిటెక్టర్ల గీత కూడ గియ్యకుంట బయటికి పోతది. పెద్దమందడి నుంచొచ్చే పిల్లలకు బోర్డు మీద బొమ్మేసి మరీ చెప్పిన ఆ పాఠం. చెప్పిన నోటితోనే మర్చిపోయిన, థూ నా తెలివి తెల్లారా!

మగ్గం పక్కనే లాప్‌టాప్ తెరిచిన. పారేసినవన్నీ వేరే ఫైల్ల భద్రంగనే ఉన్నయి. ఈ ప్రయోగంల యాంటీప్రోటాన్‌ను ఆపినంకనే ప్రోటాన్‌తో కలుపుతరు గనుక, పుట్టిన కణాల ద్రవ్యవేగాలన్నీ కూడితే సున్న రావాలె, శక్తులన్నీ కూడితే మొదటి రెండిటి శక్తి రావాలె. కనబడ్డ గీతలను కూడి, ఎంత తక్కువ పడ్డదో చూసి, ఆ లోటు తీర్చనీకి ఎంత బరువున్న కణం కావాల్నో లెక్కదీసిన. తెర మీద గ్రాఫ్ లేసింది. తప్పు చదివిన పైయాన్లు కొన్ని ఉన్నయి, అవి చెల్లాచెదురుగ పడ్డయి. మిగిలినయన్నీ ఒక్కకాడ గుట్టగ నిలబడ్డయి, సరిగ్గ కేయాన్ బరువు కాడ. వాటిని కలిపితే నా లెక్క పొయ్యి పాతోళ్ల లెక్క మీదనే కూసున్నది.

పాతోళ్లది కరెక్టే. తప్పంతా నాది.

"అమ్మా, కొంప మునిగింది" అని అంతా చెప్పిన. చెప్పి, సిగ్గు లేకుంట ఇంకొకటి కూడ అన్న. "రేపటికి నా మొదటి లెక్కనే పెడ్త. సార్ నా దిక్కే మాట్లాడ్తడు, ఎవరికీ తెల్వదు. తర్వాత మెల్లగ సరిచేస్త."

అమ్మ లేసి లోపలికి పొయ్యి, పెట్టె అడుగుకెళ్లి వంకాయరంగు చీర ఒకటి తెచ్చి నా ముందల విప్పింది. ఒక పక్క పట్టు అంచు బట్టను విడిచి వేలాడుతున్నది.

"ఇది కోడేరుల పెండ్లికి పోయిన చీర. నువ్వు ఏడో తరగతిల ఉండంగ, అంచూ బట్టా కలిసే కాడ పోగులు లేచినయని నున్నగ కోసినవ్. అంచును పట్టుకొని ఉండేటివే అవి. పీటల మీదనే ఊడింది."

"నేనా? నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నీ చెయ్యి భయపడ్తదని. నేనే పొయ్యి, తప్పు నాదేనని చెప్పి, నలుగురి ముందల మాటలు పడి, ఇంకో చీర నేసి ఇచ్చొచ్చిన."

మొదలు అమ్మ మీద కోపమొచ్చింది. వెంటనే మొహం ఎత్తలేకపోయిన. ఇన్నేండ్లు నేను ఎగిరెగిరి పడ్డ పొగరు, అమ్మ కోడేరుల తల దించుకొని నాకు మిగిల్చింది.

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నవ్?"

"అప్పుడు నువ్వు చిన్నదానివి, నేను మోసిన. రేపు మీ సార్ మోస్తడు. ఆయన నీకు అమ్మనా, నాయననా?"

ఒడిల ఉన్న కత్తెర కింద పెట్టి ఫోన్ తీసిన. సార్ వెంటనే ఎత్తిండు. "చెప్పమ్మా, రేపటికి అంతా తయారేనా?"

"తయారే సార్. పాతోళ్ల లెక్క కరెక్టు, తప్పు నాది. ఎట్ల తప్పయిందో కూడ పట్టుకున్న. రేపు కమిటీల మీరు నా దిక్కు మాట్లాడకుండ్రి సార్, నేనే నిలబడి చెప్త."