మద్దిమాను పుట్టగొడుగు

మొన్నటి వానాకాలంలో నాయన పోయారు. ఆ రోజు టేకులపల్లిలో తెల్లవారినప్పటి నుంచీ వాన. పాడె ముందు నేను పట్టుకుని నడవాల్సిన కుండలో పిడకలు చెమ్మగిల్లి నిప్పు నిలవడం లేదు. మా వైపు ఆ నిప్పు ఇంటి పొయ్యి నుంచే వెళ్లాలి. దారిలో ఆరిపోతే వెనక్కి తిరిగి రాకూడదు. అగ్గిపుల్ల గీస్తే పెద్దలు ఒప్పుకోరు.

"గిట్లయితే వాగు దాకా గూడ రాదురా," అన్నాడు చిన్నాయన, కుండలోకి ఊదుతూ.

అమ్మ లేచి వంటింటి అటక మీద నుంచి గుర్రపు డెక్కంత పుట్టగొడుగు తెచ్చింది. ఇది నేల మీద మొలిచే రకం కాదు. ఎండిన మద్దిమానుకు చిన్న అరలా అతుక్కుని, ఆ కొయ్యనే తింటూ పెరుగుతుంది. చెక్కంత గట్టిది, తినడానికి పనికిరాదు.

నాయన బొగ్గుబావిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవారు. దుంగకు ఇది మొలిస్తే లోపల పుచ్చినట్టే, తీయించేసేవారు. సెలవు రోజు మాత్రం అడవికి వెళ్లి అదే ఏరుకొచ్చేవారు. ఎండిన ముక్క అంటించి గొడ్ల పాకలో పెడితే మంట లేకుండా తెల్లారేదాకా రాజుకుంటూ ఉండేది. దోమలు దగ్గరికి వచ్చేవి కావు.

"బావిల పారేసేది ఇంట్ల దాస్తవేంది?" అనేది అమ్మ.

"బావిల ఉంటే పానం దీస్తది. ఇంట్ల నీ లెక్క ఊకె పొగవెడ్తది."

గొడ్లను అమ్మేశాక కూడా ఏరడం మానలేదు.

అమ్మ దాన్ని కత్తితో చీల్చి, ఒక ముక్కను పొయ్యిలో ఎర్రగా కాల్చి కుండలో వేసింది. "ఇగ నడువు. ఉరుకకు," అంది.

వాగు దగ్గర వాన పెరిగింది. కుండ మీద తువ్వాలు కప్పి పట్టుకున్నాను. కింద నుంచి పొగ సన్నగా వస్తూనే ఉంది. చాలా ఏళ్ల తర్వాత మా పాక వాసన. ఏడుపు రాలేదు, ఆ పొగ ఆగకుండా చూసుకోవడమే సరిపోయింది.

కాష్ఠం దగ్గర రేకుల కప్పు కింద చిన్నాయన ఆ ముక్కను ఎండుగడ్డిలో పెట్టి చాలాసేపు ఊదాడు. గడ్డి అంటుకుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఆరలేదు గద?"

"లేదమ్మా."

"అట్లయితే పోయి నీళ్లు పోస్కో," అని లోపలికి వెళ్లిపోయింది.