ఓబప్ప ఎర్రావు వెన్ను మీది సుడి

పశువు ఒంటి మీది సుడులు చూసి మంచిచెడ్డలు చెప్పడంలో కడత్తూరు చుట్టుపక్కల ఓబప్ప మాటకు తిరుగులేదు. నలభై ఏళ్లు ఆయన "తోలుకోని పో" అంటేనే జనం పశువును కొన్నారు. అలాంటి మనిషి 1984 వేసవి నుంచి సుడులు చూడడం మానేశాడు. ఎందుకని అడిగితే మాట దాటేసేవాడు. అదే అడగడానికి నేను నాలుగోసారి వెళ్లినప్పుడు చెప్పాడు.

ఆ వేసవిలో, మద్రాసులో చిత్రకళ చదువుతున్న శివగామి, ఓబప్ప పక్కింట్లో ఉండే తన మేనత్త దగ్గరికి వచ్చింది. రెండు రోజులు కొట్టం ముందు కూర్చుని ఓబప్ప ఎర్రావు బొమ్మ వేసింది. ఆవు కడుపులో చేపలు ఈదుతున్నాయి. కొమ్ముల చోట చెట్టు వేర్లు. వెన్ను నడుమ పెద్ద సుడి.

చేపలను చూసి ఓబప్ప నవ్వాడు. సుడి చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. అది పాడె సుడి. అదున్న పశువు గడప తొక్కితే ఆ ఇంట్లో చావు తప్పదంటారు.

"ఇది యాడ చూసినావు పాపా?"

"చూడలేదు తాతా. హొగేనక్కల్‌ జలపాతం కింద నీళ్లు ఇట్లే తిరుగుతాయి కదా, అది కలలో వచ్చింది. దీన్ని సర్రియలిజం అంటారు. ఈడ ఆవంటే ఆవు కాదు, మనసులో ఉండేది."

"ఎవరి మనసులో?"

ఆ పిల్ల కుంచె నీళ్లలో ముంచింది. "అదే తెలీలేదు తాతా. కావాలంటే చెరిపేస్తాను."

"బొమ్మలో చెరిపితే ఆవు మీద పోతుందా?"

మర్నాడే మొరప్పూర్ నుంచి జయరామన్ ఆ ఆవును కొని తోలుకుపోవడానికి రావాలి. జయరామన్ కూతురు కాన్పుకు పుట్టింట్లో ఉంది. ఓబప్ప ఆవును కడిగి, ఎండలో నిలబెట్టి, వెంట్రుకలు పాయలు తీసి వెతికాడు. సుడి లేదు. భార్య సరసమ్మను పిలిచి చూడమన్నాడు.

"చేపలుండాయేమో, కడుపు కోసి చూడు," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

జయరామన్ వచ్చి పలుపు పట్టుకున్నాడు. అందరూ అడిగినట్టే అడిగాడు: "చెడ్డ సుడి ఏమీ లేదు కదా మామా?"

ఓబప్ప ఆవు వెన్ను మీద చెయ్యి వేశాడు. లేదు అంటే చాలు.

"తెలీదప్పా."

"నువ్వు సాకిన ఆవే కదా! నీకే తెలీకుంటే ఇంకెవరికి తెలుస్తుంది?"

"తెలీదు."

ఇంట్లో నిండు చూలాలు. జయరామన్ పలుపు వదిలేశాడు.

ఇదంతా చెప్పి ఓబప్ప నా చెయ్యి పట్టుకుని, అమ్ముడుపోక కొట్టంలోనే ఉండిపోయిన ఎర్రావు వెన్ను మీద పెట్టాడు.

"ఏమన్నా తగిలిందా?"

"ఏమీ లేదు."

"నాకూ అంతే," అన్నాడు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. "ఇంకొంచెం ఎనక్కి చూడు."