శిఖరమని నేను చూపించిన కొండ

రోజూ పొద్దున దీపం పెట్టి, కళ్ళిచ్చావు, అన్నమిచ్చావు, పిల్లలనిచ్చావు అని ఒక్కొక్కటీ తలుచుకుని దేవుడికి దండం పెట్టుకుంటాను. చిన్నప్పుడు మా బాపు నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలతో పాటు నేర్పిన అలవాటది. ఆ వరుసలో ఒక చోటికి రాగానే గొంతు ఆగిపోతుంది. ఏళ్ళుగా అక్కడే ఆగుతోంది. ఆ బరువును ఇవాళ మీ ముందు దించుతాను. నా పేరు మాత్రం అడగకండి.

పెళ్ళయిన కొత్తలో మిర్యాలగూడ నుంచి శ్రీశైలం బయల్దేరాం. మా ఆయన, అత్తమ్మ, నేను, వ్యాను నిండా చుట్టాలు. మొక్కు అత్తమ్మది. శిఖరం ఒక్కసారి కంటబడితే ఇక మళ్ళీ పుట్టే పని లేదని ఆమె నమ్మకం. గొర్లనూ పొలాన్నీ విడిచి అంతదూరం ఆమె ఎన్నడూ కదలలేదు. మేం చేరేసరికి రాత్రయి అడవి గేటు మూసేశారు. ఘాటు రోడ్డు పక్కన చిన్న హోటల్లో దిగాం. కింద టిఫిన్లు, పైన సున్నం రాలే గదులు.

తెల్లారి తలుపు తీశాను. ఎలా చెప్పను? వరి మళ్ళు, రైసుమిల్లుల పొగగొట్టాలు తప్ప ఎరగని కళ్ళు నావి. ఎదురుగా కొండ వెనక కొండ! మబ్బు నా పాదాలకన్నా కింద ఉంది! రోడ్డు మెలిక తిరిగి ఆ మబ్బులో మునిగి, అవతలి కొండ మీద మళ్ళీ తేలింది. ఇక్కడే ఉండాలి, ఈ ఒక్క రోజు నాకు కావాలి అనిపించింది. మరో ఆలోచనే లేదు.

"బిడ్డా, తానం చెయ్యి. వ్యాను తయారైంది" అంటూ అత్తమ్మ వచ్చింది.

"అత్తమ్మా, నేను గుడికి రాను. బయటున్న."

నెలసరి వచ్చిందని అబద్ధమాడాను. దేవుడి దగ్గరికి వెళ్ళే దారిలో. ఆమె అలవాటుగా ఒక అడుగు వెనక్కి జరిగింది.

"అయ్యో, గిప్పుడేనా! సరే తియ్యి, మన చేతుల ఉన్నదా?"

"అమ్మా, ఇగ రా! లేటయితది" అని కింద నుంచి మా ఆయన కేక.

"పిల్లను గీ అడవిల ఒక్కదాన్నే ఇడిసి ఎట్లొస్తరా? మీరు పోయి రాండ్రి. నేనుంట. దేవుడు ఏడికి పోతడు?"

అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా? తెరవలేదు. అబద్ధమని చెప్పడానికి సిగ్గా, కొండల మీద ఆశా? రెండూ అనుకుంటాను. వ్యాను మబ్బులోకి వెళ్ళిపోయింది. అందులో ఆమె సీటు ఖాళీగా వెళ్ళింది.

ఆ రోజంతా ఆమె నన్ను తాకకుండా పై నుంచి దోసిట్లో నీళ్ళు పోసింది, దూరం నుంచి ఇడ్లీ ప్లేటు జరిపింది. "ఏంది పిల్లా, కోతి లెక్క రెయిలింగుకు అతుక్కపోయినవ్? ఆ కోతులు నిన్ను గుంపుల కలుపుకపోతయ్ సూడు!" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఎండ పడ్డ చోటల్లా అడవి రంగు మారుతుంటే చప్పట్లు కొట్టాను. తప్పు చేసిన మనిషి అంత సంతోషంగా ఉండొచ్చా?

ఎండ తగ్గుతుండగా ఆమె మెల్లగా అడిగింది.

"శిఖరం గీడికెళ్ళి కనబడ్తదా బిడ్డా? నువ్వు సదువొచ్చినదానివి."

అక్కడి నుంచి కనబడదు. అది ఇంకా చాలా దూరం. ఆమెకు ఏదో ఒకటి ఇచ్చేయాలని, ఇచ్చి తప్పించుకోవాలని, మబ్బులోంచి మొన తేలిన ఏదో కొండ వైపు వేలు చూపించాను.

"అగో, అత్తమ్మా. గదే."

ఆమె చెప్పులు విడిచింది. కొంగు తలమీదికి లాక్కుని రెండు చేతులూ ఎత్తింది. చెంపలు తడిశాయి. "ఇగ సాలు" అంది.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే అసలు నెలసరి వచ్చింది. చెబితే దొరికిపోతానని ఆ మైలతోనే దీపం పెట్టాను. దానికి దేవుడిని వేడుకోగలను. ఆ కొండ సంగతి ఎవరిని వేడుకోను? తర్వాత మోకాళ్ళు అరిగిపోయి అత్తమ్మ మళ్ళీ వెళ్ళలేకపోయింది. ఇప్పుడు మంచం మీదే ఉంది. చూడవచ్చిన వాళ్ళందరికీ "నేను శిఖరం సూసిన. మా కోడలే సూపిచ్చింది" అని చెబుతుంది. నిజం చెబితే నా బరువు తగ్గుతుంది, ఆమె ధైర్యం పోతుంది. ఎట్లా చెప్పను?

మొన్న పొద్దున "శిఖరం ఎటు దిక్కు బిడ్డా? అటు మొకం జేసి కూసోబెట్టు" అంది. దిండ్లు పెట్టి నైరుతి కిటికీ వైపు తిప్పాను. ఈసారి దిక్కు సరిగ్గానే చూపించాను. ఆమె చేతులెత్తింది. ఆమె కళ్ళలో ఉన్నది మాత్రం నేను చూపించిన కొండే.

క్షమించమని అడగను. ఆ రోజును తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది, అదీ దాచను. రేపు దీపం పెట్టేటప్పుడు ఆ చోట ఆగకుండా "ఆ కొండలను చూపించావు, నేను అబద్ధమాడాను" అని రెండూ కలిపి పైకే అంటాను. ఇవాళ మీకు చెప్పాను కాబట్టి గొంతు వస్తుంది.